నల్లగొండ, పాలమూరు నుంచి సైబర్‌సెక్యూరిటీ గవర్నెన్స్‌లోకి: చేస్తున్న ఉద్యోగాన్నే మెట్టుగా వాడుకునే దారి

సైబర్‌సెక్యూరిటీలోకి వెళ్తానంటే మన దగ్గర దొరికే సలహా ఒకటే. హైదరాబాద్ వెళ్లు, అమీర్‌పేటలో హాస్టల్ చూసుకో, ఎథికల్ హ్యాకింగ్ కోర్సులో చేరు. అట్లా వెళ్లి బాగానే స్థిరపడ్డవాళ్లు ఉన్నారు, కాదనను. కానీ ఆ లైన్‌లో నిలబడ్డవాళ్లూ ఎక్కువే. అందరి రెజ్యూమెలోనూ అవే నాలుగు టూల్స్ పేర్లు కనిపిస్తాయి.

ఇదే రంగంలో జీఆర్‌సీ అనే విభాగం ఒకటుంది. గవర్నెన్స్, రిస్క్, కంప్లయన్స్. దీనికి కోడింగ్ అక్కర్లేదు. ఓపిగ్గా చదవడం, సూటిగా రాయడం, మొహమాటం లేకుండా ఆధారం అడగడం కావాలి. జడ్చర్ల ఫార్మా కంపెనీలో క్వాలిటీ విభాగంలో ఉన్నవాళ్లకు, కోఆపరేటివ్ బ్యాంకులో పనిచేసేవాళ్లకు, బీకాం చదివి ఆడిటర్ ఆఫీసులో ఓచర్లు టిక్ చేసేవాళ్లకు ఇవి ఇప్పటికే అలవాటైన పనులు. ఉన్న ఉద్యోగం వదిలేసి సున్నా నుంచి మొదలుపెట్టడం కంటే, ఆ అనుభవాన్ని వెంట తెచ్చుకోవడమే తెలివైన పని అని నా అభిప్రాయం. ఈ వ్యాసమంతా అది ఎట్లా చేయాలన్నదే.

ముందుగా, పని ఏమిటో తెలుసుకోండి

ఒక సంస్థ 'మా కస్టమర్ల డేటా భద్రంగా ఉంది' అంటుంది. ఆ మాట నిజమేనని ఎవరు చూశారు? ఏ ఆధారంతో నమ్మారు? చట్టం ఎంతవరకు చేయమంటోంది? తేడా వస్తే జవాబు చెప్పాల్సింది ఎవరు? జీఆర్‌సీ మనిషి రోజంతా ఈ ప్రశ్నల చుట్టూనే తిరుగుతాడు. ఫైర్‌వాల్ పెట్టేది ఇంకొకరు. దాని రూల్స్ చివరిసారి ఎప్పుడు సమీక్షించారు, ఎవరు ఆమోదించారు, ఆ కాగితం ఏది అని అడిగేది మీరు.

2022 జనవరిలో హైదరాబాద్‌లోని ఏపీ మహేశ్ కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకు నుంచి హ్యాకర్లు 12 కోట్ల రూపాయలకు పైగా కొట్టేశారు. ఉద్యోగులకు వచ్చిన ఫిషింగ్ (మోసపు) మెయిళ్లతో అది మొదలైందని పోలీసులు తేల్చారు. సూపర్ యూజర్ ఖాతాల (సిస్టమ్‌లో అన్ని అధికారాలూ ఉండే లాగిన్‌ల) విషయంలో బ్యాంకు పట్టించుకోకపోవడాన్నీ ఎత్తి చూపారు. తర్వాత 2023లో రిజర్వ్ బ్యాంకు 65 లక్షల జరిమానా వేసింది. సూపర్ యూజర్లు ఎంతమంది ఉన్నారు, అంతమంది ఎందుకు అని మూడు నెలలకోసారి అడిగే మనిషి ఒకరుండాలి. ఆ పనికి యూజర్ యాక్సెస్ రివ్యూ అని పేరు. జీఆర్‌సీలో చేరిన కొత్తలో మీ చేతికి వచ్చే పనుల్లో ఇదొకటి.

సినిమాల్లో చూపించినట్టు నల్ల తెర మీద పచ్చ అక్షరాలేం పరుగెత్తవు. ఎక్సెల్ షీట్లు, మీటింగులు, 'గత వారం అడిగిన ఎవిడెన్స్ ఇంకా రాలేదు' అనే మెయిళ్లు ఉంటాయి. చదవడం, రాయడం విసుగు అనుకునేవాళ్లు ఈ దారిలోకి రాకపోవడమే మంచిది.

మొదటి మెట్టు: మీ దగ్గర ఇప్పటికే ఉన్నదాన్ని లెక్కేసుకోండి

చాలామంది ఈ మెట్టు దాటేసి నేరుగా కోర్సు కొంటారు. నేనైతే దీనికే ఎక్కువ సమయం పెట్టమంటాను.

ఫార్మా నుంచి మొదలుపెడదాం. ఈ జిల్లాల నుంచి జీఆర్‌సీలోకి రావడానికి ఇంతకంటే మంచి నేపథ్యం నాకు కనపడలేదు. జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లోనో, చౌటుప్పల్ చుట్టుపక్కల కంపెనీల్లోనో క్యూఏ, క్యూసీ అనే నాణ్యత విభాగాల్లో చేసినవాళ్లకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఇన్‌స్పెక్షన్ అంటే ఏమిటో తెలుసు. ఎలక్ట్రానిక్ రికార్డులు, సంతకాల మీద 21 సీఎఫ్ఆర్ పార్ట్ 11 అనే నిబంధన 1997 నుంచి ఉంది. మందు నమూనాలు పరీక్షించే హెచ్‌పీఎల్‌సీ యంత్రం సాఫ్ట్‌వేర్‌లో ఎవరి లాగిన్ వాళ్లకే ఉండాలి, ఆడిట్ ట్రయల్ (ఎవరు ఎప్పుడు ఏం మార్చారన్న రికార్డు) ఆపకూడదు, ఎంట్రీ పని జరిగినప్పుడే పడాలి, వెనక తేదీ వేయకూడదు. ఇవన్నీ మీకు రోజూ చెప్పే మాటలే. ఇవే మాటలు సైబర్‌సెక్యూరిటీ ఆడిట్‌లో వేరే పేర్లతో వినపడతాయి. మీ ఎస్ఓపీని (పని ఎట్లా చేయాలో రాసిపెట్టిన పత్రాన్ని) అక్కడ ప్రొసీజర్ అంటారు. మీ ఛేంజ్ కంట్రోల్ అక్కడ ఛేంజ్ మేనేజ్‌మెంట్ అవుతుంది. వెండార్ క్వాలిఫికేషన్ థర్డ్ పార్టీ రిస్క్ అవుతుంది. కాపాలో (తప్పు సరిదిద్ది, మళ్లీ జరగకుండా చూసే పత్రంలో) మీరు రాసే రూట్ కాజ్, కరెక్టివ్ యాక్షన్ పేరు కూడా మారవు. ఒక ల్యాబ్‌లో నలుగురు అనలిస్టులు ఒకే పాస్‌వర్డ్ వాడితే అది ఎందుకు తప్పో పదేళ్ల అనుభవం ఉన్న నెట్‌వర్క్ ఇంజినీర్ కంటే మీరే బాగా వివరించగలరు.

పైగా మధ్యలో ఒక మజిలీ కూడా ఉంది. కంప్యూటర్ సిస్టమ్ వ్యాలిడేషన్, సీఎస్‌వీ అంటారు. సిస్టమ్ చేయాల్సిన పనే సరిగ్గా చేస్తోందని పరీక్షించి, కాగితం మీద నిరూపించడం. 2023 డిసెంబర్‌లో కేంద్రం సవరించిన షెడ్యూల్ ఎం (మందుల తయారీ నాణ్యత నిబంధనలు) కూడా కంప్యూటరైజ్డ్ సిస్టమ్స్ వ్యాలిడేషన్ గురించి చెబుతుంది కాబట్టి చిన్న కంపెనీలకూ ఈ పని తగులుతోంది. మీ కంపెనీలోనే సీఎస్‌వీ టీమ్‌లోకి మార్చమని అడగండి. అక్కడ ఒకటి రెండేళ్లు చేస్తే, ఆ తర్వాత ఫార్మా, హెల్త్‌కేర్ కంపెనీల ఐటీ కంప్లయన్స్ ఉద్యోగాలకు మీ రెజ్యూమె సహజంగా సరిపోతుంది.

బ్యాంకు, కోఆపరేటివ్ సొసైటీ, ఎన్‌బీఎఫ్‌సీ వైపు ఉన్నవాళ్లకు మేకర్, చెకర్ పద్ధతి ఒంటికి పట్టి ఉంటుంది. ఒకరు ఎంట్రీ చేస్తే ఇంకొకరు ఓకే చేయాలి. సెగ్రిగేషన్ ఆఫ్ డ్యూటీస్ అంటే ఇదే. అర్బన్ కోఆపరేటివ్ బ్యాంకులకు రిజర్వ్ బ్యాంకు 2018 అక్టోబర్‌లో ప్రాథమిక సైబర్ సెక్యూరిటీ నిబంధనలు పెట్టింది, 2019 డిసెంబర్‌లో వాటిని స్థాయిల వారీగా పెంచింది. మీ బ్రాంచికి వచ్చిన సర్క్యులర్లలో ఆ ముక్కలు ఉండే ఉంటాయి. ఈసారి వాటిని సంతకం పెట్టి ఫైల్లో వేసే ముందు చదవండి.

బీకాం, సీఏ ఇంటర్ దగ్గర ఆగిపోయినవాళ్లు తక్కువ చేసుకోనక్కర్లేదు. శాంపిల్ తీయడం, ఓచర్‌తో సరిపోల్చడం, వర్కింగ్ పేపర్ (చూసినదానికి ఆధారాలు రాసిపెట్టే కాగితం) రాయడం మూడూ ఐటీ ఆడిట్‌లో యథాతథంగా పనికొస్తాయి. లా చదివినవాళ్లకు డేటా ప్రొటెక్షన్ వైపు దారి ఉంది, దాని గురించి కింద చెబుతాను. వీర్లపాలెంలోని యాదాద్రి థర్మల్ ప్లాంటు, నాగార్జునసాగర్, జూరాల లాంటి చోట్ల కంట్రోల్ రూమ్ అనుభవం ఉన్న ఎలక్ట్రికల్ వాళ్లకు ఓటీ (యంత్రాలను నడిపే కంప్యూటర్ వ్యవస్థల) సెక్యూరిటీ గవర్నెన్స్ ఉంది. విద్యుత్ రంగానికి కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2021లో విడిగా సైబర్ సెక్యూరిటీ మార్గదర్శకాలు ఇచ్చింది. టర్బైన్ ఎట్లా పనిచేస్తుందో తెలిసిన ఆడిటర్లు తక్కువ కాబట్టి అక్కడ పోటీ కూడా తక్కువే.

మీ సేవ కేంద్రం నడిపినవాళ్లు కూడా ఆలోచించాలి. ఆధార్ జిరాక్సులు, వేలిముద్రలు, ఓటీపీలు మీ చేతుల మీదుగా వెళ్లాయి. జనం డేటా ఎక్కడెక్కడ కారిపోతుందో మీరు కళ్లారా చూసి ఉంటారు.

ఇప్పుడు ఒక కాగితం మీద ఎడమ పక్కన మీ ఉద్యోగంలో చేసిన పనులు రాయండి. కుడి పక్కన వాటికి జీఆర్‌సీలో వాడే పేరు రాయండి. రెండు పక్కలా నిండిన వరుసలే రేపు మీ రెజ్యూమె.

రెండో మెట్టు: టెక్నికల్ పునాది, అవసరమైనంత మేరకే

కోడింగ్ అక్కర్లేదన్నాను గానీ కంప్యూటర్ గురించి ఏమీ తెలియకపోయినా నడుస్తుందని కాదు. మీకు చూపించిన స్క్రీన్‌షాట్ నిజమో కాదో పోల్చుకునేంత తెలియాలి. రోజుకో గంటన్నర పెడితే మూడు నాలుగు నెలల్లో సరిపడా వస్తుంది.

ఐపీ అడ్రస్, పోర్టు, డీఎన్ఎస్, వీపీఎన్ అంటే ఏమిటో. ఎన్‌క్రిప్షన్‌కూ హాషింగ్‌కూ తేడా ఏమిటో. ప్యాచ్ వేయకపోతే ఏమవుతుందో. క్లౌడ్‌లో ఏ భాగం ప్రొవైడర్ బాధ్యత, ఏది కస్టమర్ బాధ్యతో మాటల్లో చెప్పగలగాలి. చేత్తో చేసి చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. మీ విండోస్ కంప్యూటర్‌లో ఈవెంట్ వ్యూయర్ తెరిచి, కావాలని రెండుసార్లు తప్పు పాస్‌వర్డ్ కొట్టి, సెక్యూరిటీ లాగ్‌లో 4625 నంబర్ ఈవెంట్ వెతకండి. అది ఫెయిలైన లాగిన్. సరైన లాగిన్ 4624. తర్వాత ఒక ఫోల్డర్‌ను బ్యాకప్ తీసి, అసలుది డిలీట్ చేసి, బ్యాకప్ నుంచి తిరిగి తెచ్చుకోండి. బ్యాకప్ తీస్తున్నామని చెప్పే సంస్థలు చాలా ఉంటాయి, రీస్టోర్ చేసి చూసినవి తక్కువ. ఈ ఒక్క ప్రశ్న మీకు ఎన్నో ఫైండింగ్స్ (ఆడిట్‌లో బయటపడే లోపాలు) ఇస్తుంది.

మూడో మెట్టు: అసలు పత్రాలు చదవండి

యూట్యూబ్‌లో సారాంశాలు వినడం తప్పు కాదు. కానీ జీతం వచ్చేది అసలు పత్రం చదివినవాళ్లకే. ఈ వరుసలో చదవమంటాను.

మొదటిది కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాలు. చిన్న పత్రం, భాష కూడా కష్టం కాదు. సైబర్ ఘటన గమనించిన లేదా తమ దృష్టికి వచ్చిన 6 గంటల్లోపు రిపోర్టు చేయాలి. లాగ్‌లు 180 రోజులు భద్రపరచాలి. సిస్టమ్‌ల గడియారాలు ప్రభుత్వం చెప్పిన టైమ్ సర్వర్లతో సరిపోవాలి. చదువుతూనే ప్రశ్నలు వేసుకోండి. శనివారం రాత్రి 11 గంటలకు గార్డు చూసి చెప్పాడు, ఐటీ మేనేజర్ సోమవారం వచ్చాడు. 6 గంటలు ఎప్పటి నుంచి లెక్క? ఇట్లా ఆలోచించడమే గవర్నెన్స్.

రెండోది డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం, 2023. తగిన భద్రత పెట్టకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల వరకు ఉండొచ్చు. దీని రూల్స్ 2025 నవంబర్‌లో వచ్చాయి, ప్రధానమైన బాధ్యతలకు 18 నెలల గడువు ఇచ్చారు. అంటే 2027 మే నెల లోపు ఆస్పత్రులు, స్కూళ్లు, చిట్‌ఫండ్లు, షోరూములు అన్నీ ఏదో ఒకటి చేయాలి. ఇందులో తెలుగు మీడియం వాళ్లకు ఒక సందు ఉంది. డేటా తీసుకునే ముందు ఇచ్చే నోటీసును ఇంగ్లీషులో గానీ, రాజ్యాంగం 8వ షెడ్యూల్‌లోని 22 భాషల్లో దేంట్లోనైనా గానీ చూసుకునే వీలు కల్పించాలని చట్టం చెబుతోంది. మిర్యాలగూడ ఆస్పత్రికి వచ్చే పేషెంటుకు అర్థమయ్యే తెలుగులో ఆ నోటీసు రాయగలిగినవాళ్లు ఎంతమంది ఉంటారు? 18 ఏళ్లలోపు పిల్లల డేటాకు తల్లిదండ్రుల అనుమతి కావాలన్న నియమం వల్ల జూనియర్ కాలేజీలకూ, కోచింగ్ సెంటర్లకూ పని పడుతుంది.

మూడోది అమెరికా సంస్థ నిస్ట్ ఇచ్చే సైబర్‌సెక్యూరిటీ ఫ్రేమ్‌వర్క్. 2024 ఫిబ్రవరిలో 2.0 వెర్షన్ వచ్చింది. అంతకుముందు గుర్తించు, రక్షించు, పసిగట్టు, స్పందించు, కోలుకో అని 5 విధులు ఉండేవి. కొత్త వెర్షన్‌లో గవర్న్ అనే ఆరోది చేర్చారు. ఉచితంగా దొరుకుతుంది.

నాలుగోది ఐఎస్ఓ 27001, సమాచార భద్రతకు అంతర్జాతీయ ప్రమాణం. 2022 వెర్షన్‌లో 93 కంట్రోల్స్ (రిస్క్ తగ్గించే ఏర్పాట్లు) ఉన్నాయి: సంస్థాగతమైనవి 37, మనుషులకు సంబంధించినవి 8, భౌతిక భద్రత 14, సాంకేతికం 34. 93లో సాంకేతికమైనవి 34 మాత్రమే అన్నది గమనించండి. పత్రం డబ్బు పెట్టి కొనాలి. కొత్తలో అక్కర్లేదు, కంట్రోల్స్ పేర్లు, వాటి ఉద్దేశం తెలిస్తే చాలు.

బ్యాంకింగ్ వైపు వెళ్లేవాళ్లు ఐటీ గవర్నెన్స్ మీద రిజర్వ్ బ్యాంకు 2023 నవంబర్‌లో ఇచ్చిన మాస్టర్ డైరెక్షన్ కూడా కలుపుకోవాలి. అది 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది.

చదివేటప్పుడు 'షల్' అని ఉన్న ప్రతి వాక్యం కింద గీత గీయండి. అది తప్పనిసరి. 'షుడ్' అంటే చేస్తే మంచిది. ఈ తేడా గుర్తుపట్టని ఆడిటర్‌తో ఐటీ వాళ్లు గంటలోనే ఆడుకుంటారు.

నాలుగో మెట్టు: చూపించడానికి పని తయారు చేసుకోండి

అనుభవం లేదు, ఎట్లా అని అడిగేవాళ్లకు నా జవాబు ఇది. ఒక ఊహా సంస్థను సృష్టించండి. నల్లగొండలో హెడ్డాఫీసు, దేవరకొండ, హాలియా, నకిరేకల్‌లో శాఖలు ఉన్న ఒక చిన్న సహకార బ్యాంకు అనుకోండి. లేదా మిర్యాలగూడలో టాలీ, వే బ్రిడ్జి సాఫ్ట్‌వేర్, సీసీ కెమెరాలు ఉన్న రైస్ మిల్లు. మీకు తెలిసిన రంగమైతే వివరాలు నిజంగా ఉంటాయి. దానికి నాలుగు పత్రాలు రాయండి: ఆస్తుల జాబితా, రిస్క్ రిజిస్టర్ (ఏ ముప్పులు ఉన్నాయో, వాటికి ఏం చేయాలో రాసే పట్టిక), రెండు పేజీల యాక్సెస్ కంట్రోల్ పాలసీ, ఒక ఆడిట్ రిపోర్టు.

రిస్క్ రిజిస్టర్ దగ్గరే మనిషి సత్తా తెలిసిపోతుంది. కొత్తవాళ్లు 'హ్యాకింగ్ జరగవచ్చు, తీవ్రత ఎక్కువ' అని రాస్తారు. దాంతో ఎవరూ ఏమీ చేయలేరు. ఇట్లా రాయండి: 'హాలియా శాఖలో ముగ్గురు క్యాషియర్లు ఒకే లాగిన్ వాడుతున్నందున, తప్పుడు లావాదేవీ జరిగితే ఎవరు చేశారో తేల్చలేని పరిస్థితి ఏర్పడవచ్చు, ఖాతాదారుడికి నష్టం, రిజర్వ్ బ్యాంకు పరిశీలనలో అభ్యంతరం రావచ్చు.' కారణం, జరగగలిగేది, పర్యవసానం మూడూ అందులో ఉన్నాయి. పక్క గళ్లల్లో ఇప్పుడున్న కంట్రోల్ (సాయంత్రం మేనేజర్ క్యాష్ సరిచూస్తారు), దాని తర్వాత కూడా మిగిలే రిస్క్, ఏం చేయాలి, ఎవరు చేయాలి, ఏ తేదీలోపు అని రాయండి. ఓనర్ దగ్గర 'ఐటీ విభాగం' అని రాయకండి. హోదా రాయండి: హాలియా శాఖ మేనేజర్. విభాగం పేరు రాస్తే ఆ పని ఎవరిదీ కాకుండా పోతుంది.

ఫైండింగ్ రాయడానికీ ఒక వరుస ఉంది. నియమం ఏమంటోంది, మీరు ఏం చూశారు, ఎందుకు అట్లా జరిగింది, దాని వల్ల ఏమవుతుంది, ఏం చేయాలి. మొదటి మూడింటికి ఉదాహరణ: 'ఉద్యోగం మానేసిన రోజే లాగిన్ తీసేయాలని పాలసీ చెబుతోంది. ఏప్రిల్, జూన్ మధ్య మానేసిన 8 మందిని పరిశీలించగా ముగ్గురి లాగిన్‌లు ఆగస్టు 5 నాటికి కూడా పనిచేస్తున్నాయి. మానేసినవాళ్ల సమాచారం హెచ్‌ఆర్ నుంచి ఐటీకి వెళ్లే పద్ధతి లేదు.' ఇందులో ఎవరినీ తిట్టలేదు, విశేషణాలు లేవు. 'చాలా దారుణమైన నిర్లక్ష్యం' లాంటి మాటలు వాడితే మీటింగులో చర్చ ఆ మాట మీదే జరుగుతుంది, ముగ్గురి లాగిన్‌లూ అట్లాగే ఉంటాయి.

ఊహా సంస్థ అయ్యాక తెలిసినవాళ్ల స్కూలో, క్లినిక్కో చూసుకుని నిజమైన గ్యాప్ అసెస్‌మెంట్ (ఉండాల్సినదానికీ ఉన్నదానికీ తేడా లెక్క) ఉచితంగా చేసి పెట్టండి. ముందు రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. అడిగి, చూసి, రాసుకోవడం వరకే మీ పని. స్కానింగ్ టూల్స్ నడపొద్దు. అనుమతి లేకుండా ఇంకొకరి సిస్టమ్‌లోకి వెళ్తే ఐటీ చట్టం 43వ సెక్షన్ కింద నష్టపరిహారం కట్టాల్సి రావచ్చు, మోసపు ఉద్దేశంతో చేశారని తేలితే 66వ సెక్షన్ కింద 3 ఏళ్ల వరకు జైలు గానీ, 5 లక్షల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. ఆ రిపోర్టు ఇంటర్వ్యూలో చూపించాలంటే సంస్థ పేరు, మనుషుల పేర్లు తీసేయండి. మీరు ఇప్పుడు పనిచేస్తున్న కంపెనీ కాగితాలైతే అసలే చూపించొద్దు. చూపిస్తే, రేపు మా కాగితాలూ ఇట్లాగే బయట పెడతారని అవతలివాళ్లు అనుకుంటారు, అందులో తప్పు లేదు.

ఐదో మెట్టు: సర్టిఫికెట్లు, డబ్బు

డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది ఇక్కడే, కాబట్టి నిదానంగా వెళ్లండి.

ఐఎస్‌సీ2 అనే సంస్థ సర్టిఫైడ్ ఇన్ సైబర్‌సెక్యూరిటీ అనే ప్రవేశ స్థాయి పరీక్ష పెడుతుంది. 10 లక్షల మందికి శిక్షణ, పరీక్ష ఉచితంగా ఇస్తామని 2022లో ప్రకటించింది. మీరు చేరేటప్పుడు ఆ అవకాశం ఉందేమో వాళ్ల సైట్‌లో చూసుకోండి. పాసయ్యాక ఏటా 50 డాలర్ల నిర్వహణ రుసుము ఉంటుంది, అది మర్చిపోవద్దు. మొదటి సర్టిఫికెట్‌గా ఇది చాలు.

ఐఎస్ఓ 27001 లీడ్ ఆడిటర్ కోర్సు 5 రోజులది. ఉద్యోగ ప్రకటనల్లో తరచూ కనిపిస్తుంది కాబట్టి రెండోదిగా పెట్టుకోవచ్చు. అమ్మేవాళ్లు బోలెడు. సర్టిఫికెట్ మీద సీక్యూఐ-ఐఆర్‌సీఏ, పీఈసీబీ లాంటి గుర్తింపు ఉందో లేదో చూడండి. ఈ కోర్సు చేసిన మాత్రాన లీడ్ ఆడిటర్ అయిపోరు, ఆడిట్లు చేసిన అనుభవం కావాలి. 'చేరిన వారంలో లీడ్ ఆడిటర్' అని పోస్టర్ వేసిన చోటికి వెళ్లకండి.

ఐటీ ఆడిట్‌లో బరువున్నది ఐశాకా అనే అంతర్జాతీయ సంస్థ ఇచ్చే సీఐఎస్ఏ (సర్టిఫైడ్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ ఆడిటర్). 150 ప్రశ్నలు, 4 గంటలు. ఫీజు సభ్యులకు 575 డాలర్లు, కానివాళ్లకు 760. సర్టిఫికెట్ చేతికి రావాలంటే 5 ఏళ్ల అనుభవం చూపాలి, డిగ్రీ లాంటి వాటికి కొంత మినహాయింపు ఉంది. పరీక్ష ముందే పాసై, ఆ తర్వాత 5 ఏళ్లలోపు దరఖాస్తు చేసుకోవచ్చు. ఉద్యోగంలో చేరి ఏడాది అయ్యాక రాయడం మేలు. కొన్ని కంపెనీలు ఫీజు తిరిగి ఇస్తాయి. ఐశాకాకు హైదరాబాద్ చాప్టర్ ఉంది, వాళ్ల సమావేశాలకు వెళ్తే మనుషులు పరిచయమవుతారు. సీఏ అయినవాళ్లకు ఐసీఏఐ సొంత డీఐఎస్ఏ కోర్సు ఉంది.

డంప్స్ (బయటికి పొక్కిన పరీక్ష ప్రశ్నలు) కొని పాసవ్వడం, 'మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్ పెడతాం' అనే కన్సల్టెన్సీకి డబ్బు కట్టడం, ఈ రెండింటికీ దూరంగా ఉండండి. నీతి సంగతి పక్కన పెట్టినా లెక్క తేలదు. పీఎఫ్ సర్వీస్ హిస్టరీ యూఏఎన్‌లో ఉంటుంది, బ్యాక్‌గ్రౌండ్ చెకింగ్‌లో అది చూస్తారు. పైగా మీరు అడుగుతున్నది ఇతరుల కాగితాలు నిజమో కాదో తేల్చే ఉద్యోగం. దొరికితే ఈ రంగంలో మళ్లీ ఎవరూ పిలవరు.

ఆరో మెట్టు: ఉద్యోగం వెతకడం

'సైబర్‌సెక్యూరిటీ ఫ్రెషర్' అని వెతికితే ఏమీ దొరకదు. జీఆర్‌సీ అనలిస్ట్, ఐటీ ఆడిట్ అసోసియేట్, థర్డ్ పార్టీ రిస్క్ అనలిస్ట్, ఐటీజీసీ (ఐటీ జనరల్ కంట్రోల్స్), ఇన్ఫర్మేషన్ సెక్యూరిటీ కంప్లయన్స్, ప్రైవసీ అనలిస్ట్, సీఎస్‌వీ స్పెషలిస్ట్ అనే పేర్లతో వెతకండి. హైదరాబాద్‌లో పెద్ద ఆడిట్ సంస్థలు, విదేశీ కంపెనీల గ్లోబల్ కేపబిలిటీ సెంటర్లు ఈ ఉద్యోగాలు ఎక్కువగా ఇస్తాయి. థర్డ్ పార్టీ రిస్క్‌లో వెండార్లు నింపిన ప్రశ్నావళులు సరిచూసే పని ఉంటుంది. విసుగ్గా ఉంటుంది గానీ కొత్తవాళ్లను తీసుకునేది ఎక్కువగా అక్కడే. సెర్ట్-ఇన్ గుర్తింపు ఉన్న ఆడిట్ సంస్థల జాబితా దాని సైట్‌లో ఉంటుంది. అందులో చిన్న హైదరాబాద్ సంస్థలకు నేరుగా మెయిల్ పెట్టండి. జీతం తక్కువైనా, బ్యాంకు నుంచి ఫ్యాక్టరీ దాకా రకరకాల చోట్లకు వెంట తీసుకెళ్తారు.

ఇంటర్వ్యూలో నిర్వచనాలు అప్పజెప్పకండి. 'ఈ కంట్రోల్ పనిచేస్తోందని ఎట్లా తెలుసుకుంటావు' అని తప్పకుండా అడుగుతారు. మానేసిన ఉద్యోగుల ఉదాహరణే తీసుకుని ఇట్లా చెప్పండి. లిస్టు హెచ్‌ఆర్ నుంచి తీసుకుంటాను, ఐటీ నుంచి కాదు. ఎందుకంటే ఐటీకి తెలియనివాళ్లే నాకు కావాలి. అది పూర్తి లిస్టేనా అని జీతాల రికార్డుతో సరిచూస్తాను. అందులోంచి శాంపిల్ నేనే ఎంచుకుంటాను. లాగిన్ ఆపిన తేదీని సిస్టమ్‌లో నా కళ్ల ముందే చూపించమంటాను. ఈ ఐదు వాక్యాలు చెప్పగలిగితే బీటెక్ కాదన్న సంగతి చాలాచోట్ల వెనక్కి పోతుంది.

ఇంగ్లీషు భయం నిజమైనదే. దానికి మందు స్పోకెన్ ఇంగ్లీషు క్లాసు కంటే రోజుకో ఫైండింగ్ ఇంగ్లీషులో రాయడం. ఈ పనిలో వాడే వాక్యాలు పరిమితం. యాస గురించి బెంగ పెట్టుకోకండి, మెయిల్ స్పష్టంగా ఉంటే ఎవరూ పట్టించుకోరు.

మొదటి ఏడాది

అడగడం ఒక కళ, ముఖ్యంగా మీ కంటే ఇరవై ఏళ్లు పెద్దవాళ్లను. బ్రాంచికి వెళ్తే మేనేజర్ 'ఏం తమ్మీ, ఇప్పుడు మా పాస్‌వర్డులన్నీ నీకు చూపెట్టాల్నా ఏంది?' అంటారు. 'అయ్యో లేద్సార్, పాస్‌వర్డ్ నాకు చెప్పనే వద్దు. ఎవరెవరికి లాగిన్ ఉందో ఆ లిస్టు ఒక్కటి తీయించండి, మీరు పక్కన కూసుంటే ఇద్దరం కలిసి చూద్దాం' అనాలి. ఆడిటర్ అనగానే తప్పులు పట్టడానికి వచ్చాడన్న టెన్షన్ అవతల ఉంటుంది. ఏం చూస్తారో, ఎంతసేపు పడుతుందో, రిపోర్టు పైకి పంపే ముందు వాళ్లకు చూపిస్తారో లేదో మొదటి ఐదు నిమిషాల్లో చెప్పేయండి. చాయ్ తాగొచ్చు. దావతు మాత్రం రిపోర్టు ఇచ్చేదాకా వద్దు.

ఫైండింగ్‌ను కాస్త మెత్తగా రాయమని ఒత్తిడి వస్తుంది. మాటలు మార్చండి, వాస్తవం మార్చకండి. మీరు చూసినదానికి తేదీ, స్క్రీన్‌షాట్, ఎవరు చూపించారన్నది వర్కింగ్ పేపర్‌లో అదే రోజు పెట్టుకోండి.

ఊళ్లోనే ఉండి చేయాలంటే

మహబూబ్‌నగర్, నల్లగొండ రెండింటిలోనూ 2023లో ఐటీ టవర్లు తెరిచారు. కానీ మొదటి రెండు మూడేళ్లు హైదరాబాద్‌లో పెద్ద టీమ్‌లో చేసి రావడమే మంచిదని నేను చెబుతాను. ఒక్కరే కూర్చుని ఈ పని నేర్చుకోవడం కష్టం. ఆ తర్వాత ఇంటి నుంచి చేసే వెండార్ రిస్క్ ఉద్యోగాలు, పాలసీలు రాసే కాంట్రాక్టులు దొరుకుతాయి. డేటా ప్రొటెక్షన్ చట్టం పుణ్యమా అని జిల్లా కేంద్రాల్లోని ఆస్పత్రులు, కాలేజీలు కూడా అడుగుతాయి. వాళ్లకు మొదట కావాల్సింది పెద్ద రిపోర్టు కాదు. ఏ డేటా తీసుకుంటున్నాం, ఎక్కడ పెడుతున్నాం, ఎవరికి పంపుతున్నాం అన్న ఒక పట్టిక, తెలుగులో ఒక నోటీసు, డేటా బయటికి పోతే ఎవరికి ఫోన్ చేయాలో ఒక పేజీ. ఆ పేజీలో సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930 నంబర్ కూడా ఉండాలి.

ఒప్పుకునే ముందు రెండు సంగతులు చూసుకోండి. కొన్ని ఆడిట్లకు సెర్ట్-ఇన్ గుర్తింపు ఉన్న సంస్థే సంతకం పెట్టాలి. అట్లాంటివి మీరు చేయలేరని ముందే చెప్పి, ఆడిట్‌కు సిద్ధం చేసే పని వరకు తీసుకోండి. రెండోది ఒప్పంద పత్రం: ఏ శాఖలు, ఏ సిస్టమ్‌లు, ఎన్ని రోజులు, ఫీజు ఎన్ని విడతలు, వాళ్ల డేటా మీ ల్యాప్‌టాప్‌లో ఉంటే పని అయ్యాక ఎప్పుడు తుడిచేస్తారు. బంధువుల ఆస్పత్రి అయినా సరే, దాని మీద సంతకం పడేదాకా వాళ్ల కంప్యూటర్ ముందు కూర్చోవద్దు.